మేస్త్రి తీసివేసిన చుట్టలు

పెద్దక్క చుట్టిన చుట్టను మేస్త్రి వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఉదయపు ఎండలో అది తేనెరంగుకు తిరిగి, ఎక్కడా ముడత గాని మరక గాని లేకుండా నున్నగా మెరిసింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ దాన్ని ఒకసారి దొర్లించాడు. లోపలి ఆకు ఆ కొసనుంచి ఈ కొసదాకా ఒకే బిగువులో ఉంది. వేలికి గుంట తగలలేదు, గడ్డ తగలలేదు. మూతిని పెదవుల దగ్గరకు తెచ్చి, వెలిగించకుండానే ఒక్కసారి పీల్చాడు. గాలి ధారాళంగా వచ్చింది. ఇటువంటి చుట్ట చేతిలో పడినప్పుడల్లా, శ్రుతి కుదిరిన తీగను మీటినవాడికి కలిగే ఊరట వంటిది అతనికి కలిగేది. ఆ ఉదయం కలగలేదు. చుట్టను కుడివైపున్న పెట్టెలో పేర్చవలసిన చెయ్యి, బల్ల కిందికి వెళ్ళి, అక్కడ కొత్తగా వచ్చి కూర్చున్న వెదురు తట్టలో దాన్ని జారవిడిచింది.

తన పీట దగ్గరనుంచే పెద్దక్క అది గమనించింది. పోయిందా అని అడిగింది.

"మూతి దగ్గర కాస్త వదులుగా ఉందక్కా," అన్నాడు మేస్త్రి. ఆమె వైపు చూడకుండా అన్నాడు.

ఆ గదిలో అంతవరకూ ఒక కట్టుబాటు ఉండేది. చుట్ట బాగులేదని మేస్త్రి తీసివేస్తే, చుట్టినవారి కళ్ళముందే దాన్ని విరిచి, పొరలు విప్పి, తప్పెక్కడుందో వేలితో చూపించి, ఆ ఆకును తిరిగి వారి పీట మీద పెట్టవలసిందే. చుట్టినవారికి ఆ చుట్ట కూలి పోయేది గాని, ఆకు మిగిలేది, తప్పు తెలిసేది. యజమానికి దానివల్ల ఒరిగేదేమీ ఉండేది కాదు. ఎవరికీ లాభం లేని తీర్పు గనుకనే ఆ తీర్పుకు అందరూ తలవంచేవారు. మేస్త్రి బల్లను వాళ్ళు సరదాకి న్యాయస్థానం అనేవారు. ఆ సరదాలో కొంత నిజమూ ఉండేది.

ఆ కట్టుబాటును యజమాని ముందురోజు సాయంకాలం ఒక్క మాటతో ఎత్తివేశాడు. అతను కేకలు వేసే మనిషి కాడు. పొగాకు మీద పన్ను పెంచిన దగ్గరనుంచి అతని గొంతు మరింత తగ్గింది. పెట్టె మూత మీద అంటించే పన్ను స్టాంపు ఖరీదు లోపలి సరుకు ఖరీదుతో పోటీకి వచ్చింది. దుకాణాలవాళ్ళు రెండు పెట్టెలు తీసుకునేచోట ఒకటి తీసుకుని, అదీ మొహమాటానికి తీసుకుంటున్నట్లు మొహం పెడుతున్నారు. తాగేవాళ్ళలో కొందరు మానుకున్నారు. మానలేనివాళ్ళు ఎక్కడ చౌకగా దొరుకుతాయా అని వెతకసాగారు. యజమాని మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, ఇకమీదట విరవవద్దనీ, విరిస్తే ఆకు చిట్లి పాడవుతోందనీ, తీసివేసినవి తట్టలో వేసి పంపితే లోపల నిదానంగా విప్పిస్తాననీ చెప్పాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తుకొచ్చినవాడిలా వెనుదిరిగి, కాస్త గట్టిగా చూడమనీ, పెద్దక్క పీట దగ్గర మరీ గట్టిగా చూడమనీ అన్నాడు. ఎందుకని అడగవలసినచోట మేస్త్రి సరేనన్నాడు. ఆ సరే అన్న మాట నోటినుంచి అంత సులువుగా ఎలా జారిందా అని, రాత్రి భోజనం ముందు కూర్చుని అతను చాలాసేపు చేతిలో ముద్ద పట్టుకుని ఉండిపోయాడు.

ఇప్పుడు గది అంతా ఒక్క క్షణం చేతులాపి చూసింది. పెద్దక్క చుట్టను తీసివేయడం వాళ్ళెవరూ చూసి ఎరుగరు. మేస్త్రికి ఆకు తడపడం, ఈనె తీయడం, మూతి మూయడం నేర్పింది ఆమే. అందరికన్నా ముందు తేరుకున్నది తొందరమ్మ. ఆమె ఆ గదిలో అందరికన్నా కొత్తది. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. అందుకే ఆ పేరు.

"పెద్దక్కదే పోయిందంటే నావన్నీ నేరుగా పొయ్యిలో పెట్టేస్తాను, బాబాయ్. మీకు శ్రమ తగ్గుతుంది, మాకు చలీ తగ్గుతుంది," అంది.

అందరూ నవ్వారు. పెద్దక్క కూడా నవ్వింది. నవ్వుతూనే కుడిచేతి వేళ్ళను ఎడమ అరచేతిలో పెట్టి, ఒక్కొక్కదాన్నీ మెల్లగా వంచి చూసుకుంది.

ఆ రోజంతా మేస్త్రి తట్ట నింపాడు. తీసివేయడానికి కారణం కావాలి గనుక కారణాలు కల్పించాడు. ఒకదానికి బిగువెక్కువన్నాడు, ఒకదానికి పై ఆకు రంగు మారిందన్నాడు. విరిచి చూపనవసరం లేనప్పుడు తప్పు ఎక్కడుందని చెప్పినా చెల్లుతుందని అతనికి మధ్యాహ్నానికే అర్థమైంది. మొదట పెద్దక్క పీటమీది చుట్టలతోనే తట్ట నిండుతుందనుకున్నాడు. కాని ఒక్క పీటనుంచే తీస్తే అందరి కళ్ళూ అటే పడతాయి. అందుకని మిగిలిన పీటలనుంచీ తలా కొన్ని తీశాడు. అన్యాయాన్ని అందరికీ సమంగా పంచితే అది న్యాయంలా కనబడుతుందని ఆ మర్యాదస్తుడికి ఎవరూ నేర్పలేదు. చెయ్యి దానంతట అదే నేర్చుకుంది.

సాయంకాలం తొందరమ్మ బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. పొద్దున వదులన్నారు, ఇప్పుడు బిగువంటున్నారు, ఏది నిజమో చెప్పండి, అలాగే చుడతాను అంది. పొద్దుటివి వదులే, ఇప్పటివి బిగువే అన్నాడతను. మేస్త్రిగారి వేళ్ళకి ఇవాళ ఒంట్లో బాగులేనట్టుందని ఎవరో వెనకనుంచి చమత్కరించారు. తొందరమ్మ నవ్వలేదు. పీట దగ్గరకు తిరిగి వెళ్ళి, ఒక ఆకు తీసుకుని, బొటనవేలిని పక్కకు జరిపి పట్టుకుని, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకు ఒక సాయంకాలం మేస్త్రి ఇంటికి అతని బావమరిది వచ్చాడు. అతను బస్సు డ్రైవరు. దారిలో అక్కను చూసి పోదామని వచ్చినవాడు, ఇంట్లో పొగ అక్కకు పడదు గనుక గుమ్మం మెట్టుమీద కూర్చుని జేబులోంచి ఒక చుట్ట తీశాడు. పన్ను పెరిగాక ఇతను మానేశాడని మేస్త్రి భార్య నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆ మాటే మేస్త్రి అతనితో అంటే, మానడమా, మానితే బస్సు కదలొద్దూ అని నవ్వాడు. పన్ను లేని సరుకు బస్టాండు వెనక విడిగా, సగం ధరకు దొరుకుతోందనీ, అదైనా పొద్దున్నే వెళ్ళినవాళ్ళకేననీ చెప్పాడు.

"తీసివేత సరుకట, బావా. ఇదే తీసివేతైతే అసలు సరుకు దేవతలు తాగుతున్నారేమో," అని చుట్టను వెలిగించాడు.

మేస్త్రి దాని మూతివైపు చూశాడు. ఆ గదిలో అందరూ మూతిని కుడివైపుకు మెలిపెట్టి మూస్తారు. ఎప్పుడో కత్తి తగిలి బొటనవేలు మొద్దుబారిన పెద్దక్క మాత్రం ఎడమవైపుకు మెలిపెడుతుంది. బావమరిది చేతిలో ఉన్న చుట్ట మెలిక ఎడమవైపుకు తిరిగి ఉంది. నిప్పు చుట్టూ సమంగా, ఎక్కడా ఒక పక్కకు ఒరగకుండా కాలుతూ వచ్చింది. బూడిద వేలి పొడవున తెల్లగా నిలబడింది గాని రాలలేదు. లోపలి ఆకు పొరపాటు లేకుండా అమరితేనే బూడిద అలా నిలబడుతుంది. చుట్టను విరిచి చూపించకుండా దాచిన నిజాన్ని నిప్పు విప్పి చూపిస్తున్నది. అతను ఆ బూడిదనుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

తట్టలోవి లోపల విప్పించడం లేదన్నమాట. కూలి ఇవ్వనక్కరలేదు, పెట్టెలోకి ఎక్కవు గనుక పన్ను కట్టనక్కరలేదు. పెద్దక్క పీట దగ్గర మరీ గట్టిగా చూడమనడంలోని కిటుకు కూడా అప్పుడే తెలిసింది. విడిగా అమ్మినా జనం అడిగి కొనేది ఆమె చుట్టలనే. ఆ గదిలో అందరికన్నా మంచి చెయ్యి గనుక ఆమె చెయ్యే అందరికన్నా ఎక్కువగా చెడ్డదని అనిపించుకోవాలి.

తెలిసిందని అతను తనకు తాను చెప్పుకున్నాడు గాని, ఆ మాటలోనూ అబద్ధం ఉందని అతని అంతరాత్మకు తెలుసు. తట్ట బల్లకింద వెలిసినరోజే అతనికి తెలుసు. తెలియనట్లు ఉండే వెసులుబాటు ఇన్నాళ్ళూ ఉంది, ఇప్పుడు పోయింది, అంతే. బావమరిది చుట్టను మెచ్చుకుంటూ, మీ కార్ఖానాదేనా బావా అని అడిగాడు. ఏమో, ఇలాంటివి ఎన్ని చోట్ల చుట్టడం లేదు అని మేస్త్రి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు అతను ఒక నిశ్చయంతో పనికి వెళ్ళాడు. పెద్దక్క చుట్ట ఒక్కటి కూడా తీసివేయకూడదు. నోటితో చెప్పలేని మాటను చేత్తో చెప్పవచ్చునని అతని ఆలోచన.

పెద్దక్క ఆ ఉదయం కళ్ళజోడుతో వచ్చింది. ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టుంది, చెవి దగ్గర దారంతో కట్టి ఉంది. కిటికీ కింద కూర్చునే ఆవిడ లేచి తన చోటు ఆమెకిచ్చింది. పెద్దక్క వద్దంటూనే అక్కడ పీట వేసుకుంది. ఇన్నేళ్ళుగా పక్కవాళ్ళతో మాట్లాడుతూ, ఆకువైపు చూడనైనా చూడకుండా చుట్టిన మనిషి, ఆ రోజు ప్రతి ఆకునూ జోడు దగ్గరకు తెచ్చుకుని, ఈనె తీసినచోటును గోటితో తడిమి, జిగురు పూసి, అరచేతికింద పీటమీద దొర్లించి, మూతి మూసేముందు ఊపిరి బిగబట్టి, మూసినతర్వాత వదిలింది. ఇదివరకు ఆమె రెండు చుట్టే వేళకు ఇప్పుడు ఒకటైంది. మేస్త్రి ప్రతిదాన్నీ పుచ్చుకుని, ఆమెకు కనబడేలా పైకెత్తి, కుడివైపు పెట్టెలో పేర్చాడు. మధ్యాహ్నానికి అతని గుండెలో బరువు కొంచెం తగ్గినట్లే అనిపించింది.

భోజనాల వేళ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పెద్దక్క పక్కకు వచ్చి నిలబడింది. ఇసుకతో వేళ్ళ మధ్య జిగురు రుద్దుకుంటూ, ఎవరికీ వినబడకుండా అంది.

"ఇవాళ ఒక్కటీ తీయలేదు. జాలి పడ్డావు కదూ."

అదేం కాదక్కా అని అతను నసిగాడు.

"నాకు తెలియదటయ్యా. నేను నేర్పిన చేతులు నా చుట్టల్లోనే తప్పు చూపించాలంటే నీకెంత ఇబ్బందో. నా మొహం చూసి ఎన్నాళ్ళనుంచి ఊరుకుంటున్నావో ఏమో. నా చుట్టలకి నువ్వు మాట పడకూడదు తమ్ముడూ. ఈ శనివారంతో మానేస్తాను. అయ్యగారితో నువ్వే ఓ మాట చెప్పు." కుళాయి కట్టేసి, తడిచేతిని అతని చేతిమీద ఆనించింది. "ఇన్నాళ్ళూ నిన్ను ఇబ్బంది పెట్టాను. మనసులో ఉంచుకోకు."

ఆమె తనను క్షమించమని అడుగుతోందని గ్రహించడానికి మేస్త్రికి కొంతసేపు పట్టింది. అబద్ధం ఆడినది ఒకరి నాలుకైతే, శిక్ష ఇంకొకరి వేళ్ళకు పడింది. ఆ వేళ్ళ మనిషి వచ్చి, శిక్ష ఆలస్యమైనందుకు చేతులు పట్టుకుని బతిమాలుతోంది. ఒక మాట, ఒక్క మాట అక్కడే చెప్పివుంటే సరిపోయేది. నీ చెయ్యి బాగుందక్కా అంటే చాలు. అది నాలుకదాకా వచ్చింది. అప్పుడు మరి ఎందుకు తీసివేశావురా అని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్న ముందే వినబడి, నాలుక వెనక్కి తీసుకుంది.

తట్ట తేలికగా ఉందని యజమాని ఆ సాయంకాలమే పిలిపించాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఇదివరకెన్నడూ కూర్చోమనలేదు. మేస్త్రి నిలబడే, పెద్దక్క చుట్టలు బస్టాండు వెనక చూశానన్నాడు. యజమాని కాదనలేదు, తడబడనూ లేదు. పన్ను వేసినవాళ్ళను తాను తప్పుపట్టడనీ, తన తండ్రి దగ్గి దగ్గి పోయినప్పుడు పొగాకు పుట్టకపోతే బాగుండునని తనకీ అనిపించిందనీ చెప్పాడు.

"కాని పన్నంటూ వేశాక ఎవరో ఒకరు కట్టాలి కదయ్యా మేస్త్రీ. తాగేవాడు కట్టడు, చౌకది వెతుక్కుంటాడు. దుకాణంవాడు కట్టడు, కొనడం మానేస్తాడు. నేను కడితే ఈ తలుపుకి తాళం పడుతుంది. మరి ఎవరు కడతారు?"

ఎవరు కడుతున్నారో ఇద్దరికీ తెలుసు. తట్ట లేకపోతే మూడు పీటలు ఎత్తివేయక తప్పదని యజమాని అన్నాడు. ఎవరివి ఎత్తాలో నువ్వే చెప్పు, నాకు ఆ పాపం వద్దు అన్నాడు. పెద్దక్క తనంతట తాను మానుతానంటోందని మేస్త్రి చెప్పినప్పుడు అతని మొహంలో విచారమూ ఊరటా ఒకేసారి కదిలాయి. విడి సరుకులో పేరున్న చెయ్యి పోతుంది, కాని ఎత్తవలసిన పీటల్లో ఒకటి నొప్పి లేకుండా పోతుంది. నయానే పోనీ, పెద్దావిడ, మర్యాదగా సాగనంపుదాం అన్నాడు.

మేస్త్రి ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాడు. ఊరుకుంటే పెద్దక్క ఒక్కతే పోతుంది, అదీ ఇష్టంగా. చెబితే మూడు పీటలు పోతాయి, వాటిలో ఎవరెవరివి ఉంటాయో తానే ఎంచాలి. ఊరుకోవడమే ధర్మమని నిరూపించడానికి ఇన్ని మంచి కారణాలు దొరికినందుకు అతనికి భయం వేసింది. మంచి కారణాలు అంత తేలిగ్గా దొరకవు.

భార్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. కంచం ముందు కూర్చుని అంతా చెప్పాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగాడు గాని, దాచలేదు. ఆమె గరిటె కింద పెట్టి విన్నది. పీటల సంగతి తనకు తెలియదనీ, అది యజమాని చూసుకోవలసిన సంగతనీ అంది. తర్వాత మంట తగ్గిస్తూ, నెమ్మదిగా అడిగింది.

"ఆవిడ చెయ్యి బాగుందని ఆవిడతో చెప్పడానికి మీకు ఎవరి అనుమతి కావాలండీ?"

అతను కంచం ముందునుంచి లేచి వెళ్ళి, చేతులు కడుక్కున్నాడు. అన్నం తినకుండానే కడుక్కున్నానని తర్వాత తెలిసింది.

మరునాడు చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. నలుగురూ ఉన్నారని చెప్పలేదు. నలుగురూ వెళ్ళాక, ఆమె అలసిపోయి ఉందని చెప్పలేదు. తట్టలో మాత్రం ఏమీ వేయకుండా ఉండలేకపోయాడు. యజమాని రెండుసార్లు గుమ్మందాకా వచ్చి చూసి వెళ్ళాడు. పెద్దక్క పీట వదిలి మిగిలిన పీటలనుంచి, చూడకుండానే, చేతికి అందినవి అందినట్లు జారవిడిచాడు. తొందరమ్మవి ఎక్కువ పోయాయి. ఆమె ఇప్పుడు జోకులు వేయడం మానేసి, పెదవి కొరుక్కుంటూ, ఒక్కొక్క చుట్టనూ రెండుమూడుసార్లు విప్పి మళ్ళీ చుడుతోంది. అతను చూశాడు గాని అది అతని మనసుకు ఎక్కలేదు. మనసంతా కిటికీ కింద కూర్చున్న కళ్ళజోడు మీదనే ఉంది.

శనివారం పెద్దక్క అందరికన్నా ముందే వచ్చి తన పీటను కడిగి, గోడకు ఆనించింది. ఆ రోజు చుట్టవలసిన ఆకు తీసుకోలేదు. వారం కూలి పుచ్చుకుని వెళ్దామని వచ్చింది. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, పిల్లల యోగక్షేమాలు అడిగి, వాళ్ళు కళ్ళు తుడుచుకుంటే కసిరింది. పొగాకు ఘాటుకి ఇన్నేళ్ళూ రాని కన్నీళ్ళు ఇప్పుడెందుకే అంది. చివరకు తొందరమ్మ పక్కన కూర్చుని, కొంగులోంచి తన కత్తిని తీసింది. అరిగి అరిగి నెలవంకలా సన్నబడిన కత్తి అది. పిడికి చుట్టిన గుడ్డ ఆమె చేతి ఆకారానికే లోతుబడిపోయి ఉంది.

"నాకింక దీంతో పనేముంది, నువ్వు ఉంచుకో. నువ్వైనా మేస్త్రిచేత మాటపడకుండా చుట్టు. నా కళ్ళూ వేళ్ళూ రెండూ ఒక్కసారే పోయాయి, ఏం చేస్తాం," అంది.

తొందరమ్మ కత్తి అందుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ క్షణంలో మేస్త్రి లేచి నిలబడ్డాడు. లేవాలని అనుకుని లేచినట్లు కాదు, ఎవరో చెయ్యి పట్టి లేపినట్లు లేచాడు. బల్ల చుట్టూ తిరిగి పెద్దక్క దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, నీ వేళ్ళు పోలేదక్కా, నీ చుట్టల్లో ఒక్కదానిలోనూ తప్పు లేదు, తప్పు నాది అన్నాడు.

పెద్దక్క జోడు దారం విప్పి, జోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అతని మొహంలోకి చాలాసేపు చూసింది. అర్థమయిందని ఆమె కనుబొమలు చెప్పాయి, కాని ఆమె నోరు వేరే మాట అంది.

"మూతి వదులని ఎక్కడ అన్నావు? ఆ బల్లమీంచి కదూ. ఇక్కడికొచ్చి నా చెవిలో చెప్తావేం? అక్కడికి వెళ్ళి చెప్పు. అటు చివరున్నవాళ్ళకి వినబడాలి."

మేస్త్రి తిరిగి బల్ల దగ్గరకు నడిచాడు. ఇన్నాళ్ళూ తీర్పులు చెప్పినచోట నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాడు. తట్ట సంగతి చెప్పాడు. విరవవద్దన్న మాట చెప్పాడు. బస్టాండు వెనక తాను చూసిన ఎడమవైపు మెలిక చెప్పాడు. తట్ట లేకపోతే మూడు పీటలు పోతాయన్నదీ దాచలేదు. చెప్పేకొద్దీ గొంతుకు నిలకడ వచ్చింది.

పెద్దక్క తన వేళ్ళవైపు చూసుకుంటూ విన్నది.

"రోజూ తిట్టుకున్నానురా తమ్ముడూ, వీటిని," అంది. "ఇంటికెళ్ళి వేన్నీళ్ళలో పెట్టి మరీ తిట్టుకున్నాను." కత్తిని మళ్ళీ కొంగులో దోపుకుంది. "పీటలు ఎత్తేస్తే ఎత్తెయ్యమను. నాదే ముందు ఎత్తమను. పన్ను పెరిగింది, సరుకు పోవడం లేదు, అందుకని పొమ్మంటున్నాను అని చెప్పి ఎత్తమను. నా వేళ్ళు పోయాయని మాత్రం చెప్పొద్దను."

లేచి వెళ్ళి, గోడకు ఆనించిన పీటను తెచ్చి కిటికీ దగ్గర కాక తన పాత చోటులోనే వేసుకుంది. ఆకుల బుట్టవైపు చెయ్యి చాపింది. మేస్త్రి ఊపిరి తీసుకున్నాడు. అవమానం అయితే అయింది గాని, గుండెమీది రాయి దిగిందనిపించింది. తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకుంటే ఒక పక్క సిగ్గుపడుతూనే, ఒప్పుకోగలిగినందుకు మరొక పక్క కించిత్తు గర్వపడతాడు. ఆ గర్వం అతని వీపును కాస్త నిటారుగా నిలబెట్టింది కూడా.

"మరి మావి, బాబాయ్?" అంది తొందరమ్మ.

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఏమిటమ్మా అన్నాడు.

"పెద్దక్క చుట్టలు మంచివే అన్నారు. నావి తట్టలో పడినవి? అందులో నిజంగా చెడ్డవెన్ని?"

మేస్త్రి తట్టవైపు చూశాడు. ఇన్నాళ్ళూ అతను సిగ్గుపడింది ఒక్క మనిషిని చూసే. గదిలో అందరికన్నా గొప్ప చేతికి జరిగిన అన్యాయమే అతనికి అన్యాయంగా కనబడింది. మిగిలినవి ఆ అన్యాయాన్ని కప్పడానికి పైన పరిచిన ఆకులు. వాటిని అతను చూడలేదు. చూడకుండానే జారవిడిచాడు. వాటిలో ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పగలవాడు ఈ లోకంలో తానొక్కడే, ఆ తనకే తెలియదు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. ఇంతకుముందు గొంతులోకి వచ్చిన నిలకడ ఎక్కడికి పోయిందో. "నీవి చూడలేదు."

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె లెక్కచూసుకుంటున్నట్లు నెమ్మదిగా మాట్లాడింది. బిగువన్నారని వదులు చేశానంది. వదులన్నారని బొటనవేలు పక్కకి జరిపానంది. రంగు మారిందన్నారని తడపడం తగ్గించానంది. పని నేర్చుకునేటప్పుడు మేస్త్రి మాటే కదా చూసుకోవాలి, అందుకని చెప్పిందల్లా చేశానంది.

"అవన్నీ వదిలెయ్ తల్లీ. ఇదివరకు నువ్వెలా చుట్టేదానివో అలాగే చుట్టు. ఈసారి నేను చూస్తాను. నీ ఎదుటే విప్పి చూస్తాను," అన్నాడు మేస్త్రి. అతని చెయ్యి తెలియకుండానే ముందుకు సాగింది.

తొందరమ్మ ఒక ఆకు తీసుకుని పీటమీద పరిచింది. లోపలి ఆకును దానిమీద పెట్టి, బొటనవేలు ఆనించింది. తీసింది. మరోచోట ఆనించింది. అరచేయి కిందపెట్టి దొర్లించబోయి, మధ్యలో ఆగిపోయింది. ఆకు మెల్లగా విచ్చుకుని పీటమీద పరుచుకుంది. ఇంకోసారి మొదలుపెట్టింది. అంత చురుకైన చెయ్యి, కొత్త ఇంట్లో చీకట్లో గుమ్మం వెతుక్కునేవాడి చెయ్యిలా పీటమీద తడుముకుంది.

"ఎలా చుట్టేదాన్నో గుర్తు రావడం లేదు, బాబాయ్," అంది.

పెద్దక్క ఆకు పట్టుకున్న చేతిని ఆపేసింది. కొంతసేపటికి, గదిలో ఒక్కొక్కరే తమ చేతుల్ని తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు, అవి తమవేనా అన్నట్లు. బల్ల వెనక నిలబడిన మేస్త్రికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.